గిటార్ ఫ్రెట్లు బిగించడం, మట్టం చేయడం

గిటార్ మెడ మీద అడ్డంగా బిగించే లోహపు కమ్మీలు, అంటే ఫ్రెట్లు, ఎగుడుదిగుడుగా ఉంటే తీగ ఒకచోట గరగరమంటుంది, మరోచోట అసలు పలకదు. ఆకురాయితో రుద్దితే సర్దుకుంటుందిలే అని చాలామంది బిగింపు దగ్గరే తొందరపడతారు. ఫ్రెట్ మొత్తం ఎత్తే సుమారు ఒక మిల్లీమీటరు. అందులో 0.1 మి.మీ. మించి అరగదీయాల్సి వస్తే లోపం బిగింపులో ఉన్నట్టే.

ముందుగా ట్రస్ రాడ్, అంటే మెడ లోపల దాని వంపును సర్దే ఇనుప కడ్డీ, సర్ది మెడను తిన్నగా తెచ్చి, రేడియస్ దిమ్మకు (బోర్డు అడ్డంగా ఉండే వంపుకు సరిపోయే దిమ్మ) ఎమరీ పేపర్ అంటించి, ఫ్రెట్లు దిగే పలకను, అంటే బోర్డును, చదును చేయండి. స్టీలు బద్ద నిలబెట్టి వెనక లైటు పెడితే ఎక్కడా వెలుతురు తొంగిచూడకూడదు. ఈ వంపు (రేడియస్) తీసేటప్పుడు అంచుల్లో చెక్క ఎక్కువ అరుగుతుంది కాబట్టి అక్కడ గాడి లోతు తగ్గిపోతుంది. అందుకే ఆ తర్వాత లోతు మళ్లీ కొలవాలి. ఫ్రెట్ అడుగున గాడిలో దిగే రేకు, అంటే టాంగ్, దాని ఎత్తుకన్నా 0.3 మి.మీ. ఎక్కువ లోతు కావాలి.

గాడి వెడల్పు ఇంకా ముఖ్యం. మామూలు ఫ్రెట్ వైరుకు (ఫ్రెట్లు కోసే లోహపు తీగ) 0.6 మి.మీ. సరిపోతుంది. మరీ బిగుతైతే ఒక్కో ఫ్రెట్ ఒక్కో చీలలా పనిచేసి మెడను వెనక్కి వంచేస్తుంది. ఒకవైపే పనిచేసే ట్రస్ రాడ్ దాన్ని తిప్పి తీసుకురాలేదు. వదులైతే చివర్లు లేస్తాయి. అదే చెక్క ముక్కలో గాడి కోసి ముందు పరీక్షించడం మంచిది. గాడి పై అంచులను మూడు పలకల ఆకురాయితో ఒకటి రెండుసార్లు తేలిగ్గా గీయండి. ఫ్రెట్ నిండుగా కూర్చుంటుంది, రేపు పీకాల్సి వస్తే చెక్క పెచ్చులు లేవదు.

బోర్డు రేడియస్ 16 అంగుళాలైతే వైరును 12 అంగుళాల వంపుకు వంచండి. ముక్కను రెండు వైపులా 3 మి.మీ. ఎక్కువ ఉంచి కోయండి. మెడ కింద, కొట్టే చోటుకు సరిగ్గా అడుగున, ఇసుక సంచి ఉండాలి. ప్లాస్టిక్ లేదా ఇత్తడి ముఖం ఉన్న సుత్తితో ముందు రెండు చివర్లు, తర్వాత మధ్య నుంచి అంచులకు కొట్టండి. వంపు విచ్చుకుంటూ టాంగ్ మీది ముళ్లు చెక్కను పట్టేస్తాయి. బోలుగా వచ్చే చప్పుడు గట్టిపడిందంటే ఫ్రెట్ కూర్చున్నట్టు. బాడీ మీది ఫ్రెట్లకు సౌండ్‌హోల్‌లోంచి (బాడీ ముందువైపు గుండ్రటి రంధ్రం) బరువైన ఇనుప దిమ్మ ఆన్చకుండా సుత్తి ఎత్తొద్దు, పైచెక్క కింది బద్దలు విరుగుతాయి.

చివర్ల కింద 0.05 మి.మీ. ఫీలర్ (సందు కొలిచే పలచని రేకు) దూరితే పలచని సూపర్ గ్లూ చుక్క వేసి, క్లాంపు బిగించండి. ఆరాక చివర్లు కత్తిరించి, సుమారు 35 డిగ్రీల ఏటవాలుగా రుద్దండి.

ఇప్పుడు మట్టం. మెడను మళ్లీ తిన్నగా చేసి, చెక్కకు మాస్కింగ్ టేపు, ఫ్రెట్ల నెత్తికి మార్కర్ రంగు వేయండి. 320 నంబరు పేపర్ అంటించిన తిన్నని బీమ్‌ను తీగలు సాగే దిశలో నడపండి. నొక్కొద్దు, దాని బరువే చాలు. మొదటి రెండు రుద్దులకే ఒక ఫ్రెట్ మెరిసిపోతే అది పైకి లేచిందని అర్థం. అరగదీయకుండా కిందికి దిగ్గొట్టండి. అన్నిటి మీదా రంగు పోగానే ఆపేయాలి. మూడేసి ఫ్రెట్ల మీద ఫ్రెట్ రాకర్, అంటే తిన్నని అంచున్న చిన్న లోహపు పలక, పెట్టి చూడండి, ఊగితే మధ్యది ఎత్తు. బాడీ మీది చివరి ఫ్రెట్లు కొద్దిగా పల్లంగా ఉంటేనే మేలు, అక్కడ బోర్డు కాలక్రమంలో పైకి లేస్తుంది.

చదునైన నెత్తిని అలా వదిలేస్తే తీగ జీవా పెట్టిన తంబురలా జుమ్మంటుంది, స్వరం కూడా కాస్త హెచ్చుతుంది. మళ్లీ మార్కర్ పూసి, క్రౌనింగ్ ఫైల్‌తో (అంచు గుంటగా ఉండే ఆకురాయి) రెండు వైపులా గుండ్రంగా తీయండి. నెత్తిన వెంట్రుకంత రంగు గీత మిగలాలి. అదీ పోతే మట్టం చెడినట్టే. తర్వాత 400, 600, 1000, 2000 పేపర్లతో వరసగా మెరుగు పెట్టండి. చివరి రుద్దు ఫ్రెట్ పొడవునా సాగాలి, లేదంటే తీగ లాగినప్పుడు గీతలు వేలికి తెలుస్తాయి.

తీగలు ఎక్కించి శ్రుతి చేశాక 1వ, 14వ ఫ్రెట్ల దగ్గర నొక్కి పట్టి, 7వ ఫ్రెట్ మీద సందు కొలవండి. 0.15 నుంచి 0.25 మి.మీ. వచ్చేలా ట్రస్ రాడ్ తిప్పి, ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్ దగ్గరా మీటి వినండి.