బాస్కెట్‌బాల్‌లో డ్రైవ్ చేస్తే డిఫెండర్ దగ్గరే ఆగిపోతున్నారా? తేడా ఎక్కడుందో చూడండి

సాయంత్రం మా కోర్టుకు వచ్చే పిల్లలు డ్రైవ్ గురించి, అంటే బంతి కొడుతూ రింగ్ వైపు దూసుకెళ్లడం గురించి, ఎక్కువగా అడిగేది ఇదే: "అన్నా, స్పీడ్‌గానే వెళ్తున్నా, అయినా రింగ్ దాకా చేరలేకపోతున్నా." స్పీడ్ చాలట్లేదనుకుని గ్రౌండ్ చుట్టూ రౌండ్లు కొట్టడం మొదలుపెడతారు. నేను చూసినంతలో చాలాసార్లు తేడా స్పీడ్‌లో కాదు, మొదటి అడుగులో ఉంటుంది. అందుకే ముందు దాని గురించే కాస్త ఎక్కువ చెప్తాను.

సమస్య: దాటేశాననుకుంటారు, రెండు డ్రిబుల్స్ కొట్టేసరికి, అంటే బంతిని రెండుసార్లు నేలకు కొట్టేసరికి, డిఫెండర్ మళ్లీ ఎదురుగా ఉంటాడు.

కారణం: మీరు అతని పక్కనుంచి వెళ్లట్లేదు, అతని చుట్టూ తిరిగి వెళ్తున్నారు. ఆడేవాళ్లకి ఇది తెలియదు, తిన్నగానే వెళ్తున్నాననిపిస్తుంది. ఒక కుర్రాడికి ఎంత చెప్పినా నమ్మకం కుదరలేదు. త్రీ పాయింట్ లైన్ (దీని బయటి నుంచి బంతి వేస్తే మూడు పాయింట్లు) దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసి, వాడి బూట్ల అడుగున ముగ్గుపిండి అద్ది, జారకుండా సగం స్పీడ్‌లో కుర్చీని దాటి లేఅప్ (రింగ్ దగ్గరికెళ్లి ఎగిరి బంతి వేయడం) వేయమన్నాను. సిమెంట్ మీద తెల్లటి అడుగులు కొడవలిలా పడ్డాయి: కుర్చీకి మీటరు ఎడంగా పక్కకు పోయి, ఆ తర్వాత రింగ్ వైపు వంపు తిరిగాయి. వాడు ఆ అడుగుల పక్కన కూర్చుని చాలాసేపు చూశాడు. మీరు ఆ వంపు తిరిగేలోపు డిఫెండర్ రెండడుగులు వెనక్కి జరిగితే చాలు, మీ దారి మూసుకుపోతుంది.

పరిష్కారం: మొదటి అడుగు పొడవుగా, డిఫెండర్ పాదం పక్కనుంచి దాన్ని దాటి పడాలి. భుజం అతని నడుము దాకా దించి, దాదాపు రాసుకుంటూ పోవాలి. చేత్తో నెట్టినా మోచేయి విసిరినా ఫౌల్ మీదే అవుతుంది, అది గుర్తుంచుకోండి. బంతిని పక్కకు కాకుండా ముందుకు, అతని వెనక ఉన్న ఖాళీలోకి కొట్టాలి. దాటగానే ఊరుకోవద్దు, తర్వాతి అడుగు అతని దారికి అడ్డంగా వేస్తే అతను మీ వీపు వెనకే ఉండిపోతాడు, ఇక మీ ముందుకు రావాలంటే మిమ్మల్ని గుద్దుకుని రావాల్సిందే. ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) త్రీ పాయింట్ లైన్ నుంచి రింగ్‌కు 6.75 మీటర్లు. మొదట మూడు డ్రిబుల్స్‌లో చేరండి, తర్వాత రెండింటిలో. డ్రిబుల్స్ తగ్గాయంటే అడుగు సాగుతోందని అర్థం.

సమస్య: బయల్దేరగానే ట్రావెల్ (రూల్‌కు విరుద్ధంగా కాళ్లు కదపడం) విజిల్.

కారణం: బంతి చేతిలోంచి వదలకముందే పివట్ కాలు (నేలకు ఆనించి ఉంచాల్సిన కాలు) లేస్తోంది. 2017లో ఫిబా జీరో స్టెప్ (బంతి పట్టుకున్నప్పుడు నేల మీదున్న కాలిని అడుగుగా లెక్కించకపోవడం) తెచ్చింది కదా, ఇంకో అడుగు వేయొచ్చు అని వాదించేవాళ్లున్నారు. అది పరుగులో ఉండి బంతి అందుకున్నప్పుడో, డ్రిబుల్ ముగించి బంతి పట్టుకున్నప్పుడో వర్తిస్తుంది. నిలబడి బయల్దేరేటప్పుడు వర్తించదు.

పరిష్కారం: బంతి నేలకు కొట్టడం, ఆ తర్వాతే వెనకున్న పివట్ కాలు లేవడం. ఈ వరస కాలికి అలవాటయ్యేదాకా రోజూ రెండు వైపులా యాభైసార్లు మెల్లగా చేయండి, విసుగొచ్చినా సరే.

సమస్య: డిఫెండర్‌ను దాటారు, కానీ రింగ్ దగ్గర ఇంకొకడు వచ్చి నిలబడ్డాడు, గుద్దేశారు, రిఫరీ ఛార్జింగ్ (అడ్డం నిలబడ్డ డిఫెండర్‌ను గుద్దిన ఫౌల్) ఇచ్చారు.

కారణం: కళ్లు బంతి మీదున్నాయి. మిమ్మల్ని ఆపడానికి వచ్చే రెండోవాడు ఎక్కడి నుంచి వస్తున్నాడో చూడలేదు. ఫిబా రూల్స్‌లో ఐదు ఫౌల్స్ అయితే మ్యాచ్ నుంచి బయటికే, ఛార్జింగ్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. రింగ్ కింద 1.25 మీటర్ల వ్యాసార్థమున్న అర్ధవృత్తంలో డిఫెండర్ నిలబడి ఉంటే మామూలుగా ఛార్జింగ్ ఇవ్వరు గానీ, దాని మీదే ఆశ పెట్టుకుని దూకొద్దు.

పరిష్కారం: ఫ్రెండ్‌ను రింగ్ కింద నిలబెట్టండి. మీరు డ్రైవ్ చేస్తుంటే అతను వేళ్లు చూపించాలి, ఎన్నో మీరు పైకి చెప్పాలి. తప్పు చెప్పారంటే తల దిగిందనే. ఎవరైనా అడ్డం వస్తే రెండు కాళ్ల మీద ఆగడం నేర్చుకోండి, అక్కడి నుంచి పాస్ ఇవ్వొచ్చు, లేదా అతని చేతుల మీదుగా ఫ్లోటర్ (బంతిని ఎత్తుగా, మెత్తగా లేపి వేసే షాట్) వేయొచ్చు. 1.88 మీటర్ల ఫ్రాన్స్ ఆటగాడు టోనీ పార్కర్, రింగ్ దగ్గర ఆడే, తనకంటే ఎంతో పొడవున్న సెంటర్ల మధ్య అంతకాలం పాయింట్లు కొట్టడంలో ఆ షాట్ పాత్ర చాలా ఉంది.

సమస్య: ఎప్పుడూ కుడివైపే వెళ్తున్నారు.

ఎదుటి టీమ్‌కు ఐదు నిమిషాల్లో ఇది దొరికిపోతుంది, ఆ వైపు మూసేస్తారు. ఒక వారం పాటు ప్రాక్టీస్‌లో కుడిచేతిని పక్కన పెట్టేయండి, అంతే.

సమస్య: అంతా బాగానే ఉంది, చివర్లో లేఅప్ పోతోంది.

కారణం: వచ్చిన స్పీడ్ మొత్తాన్ని బంతికి ఇచ్చేస్తున్నారు, రింగ్ వెనకున్న బోర్డ్‌కు గట్టిగా తగిలి తిరిగొచ్చేస్తోంది. చివరి రెండు అడుగుల్లో మొదటిది పొడవుగా, రెండోది పొట్టిగా వేస్తే ఒళ్లు ముందుకు కాకుండా పైకి లేస్తుంది. బోర్డ్ మీది చిన్న దీర్ఘచతురస్రంలో మీరు వచ్చే వైపు పైమూల చూసి మెత్తగా వదలండి. దీన్ని ప్రాక్టీస్ మొదట్లో కాకుండా, కాళ్లు లాగేస్తున్న చివరి పది నిమిషాల్లో చేయండి, ఎందుకంటే మ్యాచ్‌లో ఆ లేఅప్ అవసరమయ్యేది అప్పుడే.