నార్మండీ దండయాత్రను పటం మీద చదవడం ఎలా

అబిడ్స్‌లో ఆదివారం కాలిబాట మీద దొరికే పాత అట్లాసు ఒకటి, రెండు రంగుల పెన్సిళ్లు ఉంటే రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్స్ ఉత్తర తీరాన మిత్రరాజ్యాల (అమెరికా, బ్రిటన్, కెనడా తదితర దేశాల) సేనలు దిగిన 1944 జూన్ 6 నాటి నార్మండీ దండయాత్రను చదవడం మొదలుపెట్టవచ్చు. ముందుగా యూటా, ఒమాహా, గోల్డ్, జూనో, స్వోర్డ్ అనే సంకేతనామాలున్న ఐదు తీరాలను గుర్తించండి. ఆ తీరరేఖ పొడవు సుమారు 80 కిలోమీటర్లు, అంటే దాదాపు హైదరాబాద్ నుంచి జనగామ దాకా ఉన్నంత దూరం.

సేనానుల కంటే ముందు ఆటుపోట్లను చదవండి. సముద్రానికి దూరంగా పెరిగిన మన నగరవాసులు తరచూ వదిలేసేది ఇదే. జర్మన్ సేనాని రోమెల్ తీరం పొడవునా పాతించిన అడ్డంకులు నీట మునగకముందే కంటికి కనబడాలి, పారాచూట్ దళాలకు వెన్నెల ఉండాలి. ఈ రెండూ కలిసే రోజులు నెలలో కొన్నే గనుక, తుపాను గాలుల వల్ల 5వ తేదీని వదులుకున్న మిత్రరాజ్యాల సర్వసేనాని ఐసెన్‌హోవర్ మరుసటి రోజుకే సిద్ధపడటం ఎంత బరువైన నిర్ణయమో అప్పుడు బోధపడుతుంది.

ఆయుధాల్లో ఒక్కదాన్నైనా దగ్గరగా చూడండి. చుట్టూ కాన్వాసు తెర లేపుకొని నీటిపై తేలే షెర్మన్ ట్యాంకు అందుకు తగినది. ఒమాహా వద్ద ఒక అమెరికన్ బెటాలియన్ తీరానికి దూరంగా నీటిలోకి దింపిన 29 ట్యాంకుల్లో 27 అలల తాకిడికి మునిగిపోయాయి. తొలి వరుస పదాతి సైనికులకు ఆ అండ లేకుండా పోయింది.

ఇక రెండో రంగుతో, ఇంగ్లండుకు అతి దగ్గరగా ఉన్న ఫ్రెంచి తీరప్రాంతమైన పా ద కలే వైపు ఒక బాణం గీయండి. అసలు దాడి అక్కడే జరుగుతుందని జర్మన్లను నమ్మించిన మిత్రరాజ్యాల పన్నాగం, దిగిన తర్వాత కూడా వారాల తరబడి శత్రుసేనలను అక్కడే కట్టిపడేసింది.