ముందురోజే చేసి పెట్టుకునే చాక్లెట్ మూస్

పండక్కి ఇంటినిండా మనుషులు వస్తున్నారంటే, స్వీటు మాత్రం ముందురోజే చేసేసుకోండి. సగం టెన్షన్ అక్కడే పోతుంది. నేనైతే చాక్లెట్ మూస్ చేస్తాను, అంటే నురగలా తేలిగ్గా ఉండే చల్లటి చాక్లెట్ స్వీటు. డార్క్ చాక్లెట్, విప్పింగ్ క్రీమ్, ఈ రెండే చాలు.

200 గ్రాముల చాక్లెట్ సన్నగా తరగండి. 100 మి.లీ. క్రీమ్ వేడిచేసి, అంచుల్లో బుడగలు రాగానే దించి చాక్లెట్ మీద పోయండి. రెండు నిమిషాలు కదపకుండా వదిలేసి, మధ్యలోంచి మెల్లగా కలపండి. మొదట్లో విరిగినట్టు కనిపిస్తుంది, కంగారు పడకండి. కలిపేకొద్దీ నున్నగా, అద్దంలా మెరుస్తుంది.

అది గోరువెచ్చగా అయ్యాక, బాగా చల్లగా ఉన్న ఇంకో 300 మి.లీ. క్రీమ్ గిలక్కొట్టి మూడు విడతలుగా కలపండి. చాలామంది పొరపాటు ఇక్కడే చేస్తారు, గట్టిపడేదాకా కొట్టేస్తారు. బీటర్ పైకెత్తితే కొన మెత్తగా వంగాలి, అంతే. ఎక్కువ కొడితే మూస్ పలుకులు పలుకులుగా తగులుతుంది.

గాజు గ్లాసుల్లో నింపి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. కనీసం నాలుగు గంటలు పడుతుంది. వడ్డించేముందు పైన పుల్లటి పండ్ల ముక్కలు నాలుగు, రెండు ఉప్పు పలుకులు వేయండి. ఆ ఉప్పు మానొద్దు, చాక్లెట్ రుచి దాంతోనే పైకి తేలుతుంది.