పార్టీ అధ్యక్ష ఎన్నికా? ముందు ఓటరు జాబితా సంగతి చూడండి

ఏళ్లుగా జెండా మోస్తున్నవాళ్లు కూడా అధ్యక్ష ఎన్నిక అనగానే నాంపల్లి గాంధీభవన్‌లో బ్యాలెట్ పెట్టె పెట్టే రోజు గురించే ఆలోచిస్తారు. ఆ రోజు వచ్చేసరికే సగం ఎన్నిక అయిపోయి ఉంటుంది, ఎందుకంటే ఓటు ఎవరికుందో తేలేది జాబితా తయారయ్యేటప్పుడే.

కాంగ్రెస్‌నే తీసుకోండి. సభ్యత్వం ఉన్న అందరికీ జాతీయ అధ్యక్ష ఎన్నికలో ఓటుండదు, పీసీసీ (రాష్ట్ర కాంగ్రెస్ కమిటీ) డెలిగేట్లకే, అంటే బ్లాకుల నుంచి పంపే ప్రతినిధులకే ఉంటుంది. 2022లో దేశం మొత్తం మీద పోలైనవి 9,385 ఓట్లే. అందుకని సభ్యత్వ రసీదు చేతిలో ఉంది కదా అని ఊరుకోకండి. సభ్యత్వ నమోదు నడుస్తున్నప్పుడే మీ బ్లాక్ అధ్యక్షుడిని కలిసి, ఇక్కడి నుంచి డెలిగేట్‌గా ఎవరి పేరు పంపుతున్నారు, ఎవరు నిర్ణయించారు అని అడగండి. నోటిమాటగా అడిగితే ‘చూద్దాం అన్నా’ అని పంపించేస్తారు, అందుకే కాగితం మీద రాసివ్వండి, మీ కాపీ మీద తేదీ వేయించుకుని సంతకం తీసుకోండి. జాబితా అడగడం క్రమశిక్షణ తప్పడం అని ఎవరైనా అంటే, 2022లో శశి థరూర్, మనీశ్ తివారీ లాంటి ఎంపీలే అడిగారని చెప్పండి. నామినేషన్ వేయాలనుకునేవాళ్లు వచ్చి జాబితా చూసుకోవచ్చని పార్టీ ఎన్నికల అథారిటీ ఒప్పుకుంది కూడా.

మీది వేరే పార్టీ అయితే పద్ధతి వేరేగా ఉండొచ్చు. పార్టీల నియమావళి ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, ‘సంస్థాగత ఎన్నికలు’ అన్న భాగం మాత్రం తప్పకుండా చదవండి.

కాంగ్రెస్‌లో నామినేషన్‌కి ప్రతిపాదకులుగా పదిమంది డెలిగేట్ల సంతకాలు కావాలి. ఇంకొకరి చేత తెప్పించుకోవద్దు, మీ కళ్లముందే పెట్టించండి, రెండు మూడు సెట్లు వేయండి. 2022లో జార్ఖండ్ నేత కె.ఎన్. త్రిపాఠి నామినేషన్ పోయింది ప్రతిపాదకుల సంతకాల తేడాల వల్లే. తప్పుకోమని ఒత్తిడి రావడం మామూలే, అప్పుడు టెన్షన్ పడకండి. పోటీ చేసి ఓడిపోతే పార్టీలో మన పని అయిపోతుందన్న భయం చాలామందిలో ఉంది గానీ, మన పట్టాభి సీతారామయ్యగారు 1939లో సుభాష్ చంద్రబోస్ మీద 1,377 – 1,580 ఓట్లతో ఓడిపోయి, 1948లో మళ్లీ నిలబడి గెలిచారు. 2022లో ఖర్గే చేతిలో ఓడిన థరూర్‌ని మరుసటి ఏడాదే పార్టీలో పెద్ద నిర్ణయాలు తీసుకునే వర్కింగ్ కమిటీలోకి తీసుకున్నారు.

బ్యాలెట్ మీద గుర్తు ఎలా పెట్టాలో లోపలికి వెళ్లే ముందే ఖాయం చేసుకోండి. 2022లో మొదట ‘1’ అంకె వేయమన్నారు, అభ్యంతరం వచ్చాక టిక్ పెట్టమన్నారు. చివరికి 416 ఓట్లు చెల్లలేదు. ఏ రాష్ట్రం ఎవరికి వేసిందో తెలియకుండా లెక్కింపుకి ముందు బ్యాలెట్లన్నీ కలిపేశారు కాబట్టి, మీరు ఎవరికి వేశారో మీ నాయకుడికి తెలిసిపోతుందన్న భయం అక్కర్లేదు.

అభ్యర్థి తరఫున ఏజెంట్‌గా కూర్చుంటే పెట్టె సీలు మీద నంబరు రాసుకోండి, పోలింగ్ గదిలో సంబంధం లేనివాళ్లు ఉంటే పేర్లు రాసుకోండి. ఉత్తరప్రదేశ్‌లో పోలింగ్ మీద థరూర్ వర్గం చేసిన ఫిర్యాదులో ఈ రెండూ ఉన్నాయి. ఫిర్యాదేదైనా లెక్కింపు మొదలవకముందే, రాతపూర్వకంగా ఇవ్వండి.