స్పిన్నర్‌కి ఒక్క ముల్లు చాలు

బెంగళూరులో గాలం సరదా ఉన్న మనవాళ్లకు ఒక మాట. చాలా స్పిన్నర్లకు, అంటే నీళ్లలో రేకు గిర్రున తిరుగుతూ చేపను ఆకర్షించే లోహపు ఎరలకు, చివర మూడు ముళ్ల ట్రెబుల్ హుక్ వస్తుంది. చేపను పట్టి వదిలేయాల్సిన చోట్ల తరచుగా ఒంటి ముల్లే ఒప్పుకుంటారు, దానికి ఎదురుకొన (చేప జారిపోకుండా వెనక్కి తిరిగి ఉండే చిన్న మొన) కూడా ఉండకూడదంటారు. పట్టకారుతో స్ప్లిట్ రింగ్ (ముల్లును ఎరకు తగిలించే చిన్న రింగు) తెరిచి, ట్రెబుల్ తీసేసి, పెద్ద కన్నున్న సింగిల్ హుక్ తొడగండి. ఎదురుకొనను అదే పట్టకారుతో నొక్కేయండి. బరువు దాదాపు పాతదంతే ఉండాలి. ఒడ్డు పక్కనే ఒకసారి లాగి, రేకు చక్కగా తిరుగుతోందో లేదో చూసుకోండి. చేప నోరు అంతగా చిరగదు, ముల్లు తీయడం ఎంత తేలికో మీకే తెలుస్తుంది.

కావేరి అభయారణ్యంలో మాత్రం ఏ ముల్లుతోనూ వద్దు. అక్కడి మూపు మహసీర్ అనే చేప పూర్తిగా అంతరించిపోయే ప్రమాదంలో ఉందని 2018లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ప్రకటించింది. మిగతా చెరువుల దగ్గర ముందు పర్మిషన్ అడగండి.