వానలకు ముందే పాత పరికరాల బీరువా తెరవండి

ఫిజిక్స్ ల్యాబులో మూలనపడిన ఇత్తడి పరికరాలను పరిశీలించి, వాటికి నకళ్లు తయారుచేయాలనుకునే విద్యార్థులకు వరంగల్‌లో మే నెలే అనువైన కాలం. జూన్‌లో వానలు మొదలయ్యాక కటకాలకు బూజు పడుతుంది, పళ్లాలు తిప్పి స్థిర విద్యుత్తు పుట్టించే విమ్స్‌హర్స్ట్ యంత్రం చెమ్మకు నిప్పురవ్వ రాల్చదు. అయితే పొడి గాలిలో అదే యంత్రం గట్టిగా షాక్ కొడుతుంది. ఆవేశాన్ని నిలవచేసే దాని గాజు పాత్రలను, అంటే లైడెన్ జాడీలను, విద్యుత్తు పారని పిడి ఉన్న తీగతో ఒకసారి డిశ్చార్జి చేసి వదిలేయకండి. గాజులో మిగిలిన ఆవేశం మళ్లీ పైకి వస్తుంది కాబట్టి కొన్ని నిమిషాలాగి మరోసారి చేయండి.

నేను ఎక్కువగా భయపడేది పాదరసానికే. ఉంగరాలు, గాజులు ముందే తీసేయండి, అది బంగారాన్ని పట్టేస్తుంది. పాదరసంతో గాలి పీడనం కొలిచే ఫోర్టిన్ బారోమీటరును గోడ మీద నుంచి దించే ముందు కింది మరను మెల్లగా తిప్పి, పాదరసం గొట్టం పైకొన దాకా నిండేలా చేయాలి. లేకపోతే వంచగానే అది పైగాజును బలంగా కొట్టి పగలగొడుతుంది. అడుగున ఉన్న తోలుసంచి పెళుసుబారినట్టు అనిపిస్తే మరను ముట్టుకోకుండా ల్యాబు ఇన్‌చార్జిని పిలవండి. పాదరసం ఒలికితే కిటికీలు తెరిచి అందరినీ బయటికి పంపండి. చీపురు, వాక్యూమ్ క్లీనర్ రెండూ వద్దు, సింకులో పోయడం అసలే వద్దు. బొట్లను గట్టి కాగితంతో పోగుచేసి మూతసీసాలో పెట్టి, ప్రమాదకర వ్యర్థంగా అప్పగించండి. అన్నట్టు, ఈ ఊరు సముద్రమట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తున ఉంది. బారోమీటరు 735 మిల్లీమీటర్ల దగ్గర నిలిస్తే, సముద్రమట్టం దగ్గరి 760 చూపలేదని దాన్ని సరిచేయబోకండి.

చీకట్లో మెరిసే అంకెలున్న పాత డయల్‌ను విప్పకూడదు. ఆ అంకెల పూతలో రేడియోధార్మిక రేడియం ఉండవచ్చు. మెరుపు పోయినంత మాత్రాన రేడియం పోదు, దాని అర్ధాయువు, అంటే సగానికి తరిగే కాలం, దాదాపు 1600 ఏళ్లు.

ఇక మన వాళ్లకున్న పెద్ద జబ్బు, తళతళలాడేలా తోమడం. ఇత్తడి మీది లక్క పూత, స్కేలులోని నల్లగీతలు, తయారీదారు గుర్తు పాలిష్‌తో చెరిగిపోతాయి. అవి పోతే అధ్యయనం చేయడానికి ఏం మిగులుతుంది? మెత్తని పొడి కుంచె చాలు. ఎబొనైట్ (గంధకంతో గట్టిపరచిన రబ్బరు) భాగాలు పాతబడితే అందులోని గంధకం ఆమ్లంగా మారి పక్కనున్న ఇత్తడిని తింటుంది. వాటిని వేరుగా ఉంచండి.

అసలు పరికరంలో ఏదీ మార్చకండి, ప్రయోగాలన్నీ నకలు మీదే. కొలతలకు ప్లాస్టిక్ వెర్నియర్ కాలిపర్ వాడితే గీతలు పడవు. అయస్కాంత సూది కదలికతో కరెంటును కొలిచే టాంజెంట్ గాల్వనామీటర్‌కు నకలు చేసేటప్పుడు ప్రతి మరనూ అయస్కాంతంతో పరీక్షించండి, ఇత్తడి పూత పూసిన ఇనుప మరలు బజారులో బాగా దొరుకుతాయి. ఒక్క ఇనుప మర ఉన్నా సూది దారి తప్పుతుంది. రేకు పనికి, ఇత్తడి పనిలో పేరున్న పెంబర్తి ఊరి కళాకారులను అడగవచ్చు కానీ, స్కేలు గీతలు, మరచుట్లు లేత్ పనివాళ్లకే అప్పగించండి.

పని ముగిశాక బీరువాలో సిలికా జెల్ సంచులు పెట్టి, నీలం రంగు గులాబీకి మారినప్పుడల్లా మార్చండి.