అల్యూమినియం పడవ అడుగు: శుభ్రం చేయడం, మెరుగు పెట్టడం, కాపాడుకోవడం

అల్యూమినియం పడవకు నది నీటివల్ల జరిగే నష్టం కన్నా, దానిని తోమడానికి కూర్చున్న మనిషి చేతిలోని డబ్బాలవల్ల జరిగే నష్టమే ఎక్కువ. ప్రకాశం బ్యారేజీకి ఎగువన, పున్నమి ఘాట్ మొదలుకొని భవానీ ద్వీపం చుట్టూ నిలిచి ఉండే కృష్ణా నీరు మంచినీరు. అందులో సముద్రపు ఉప్పు లేదు, రేకును పట్టుకుని పెరిగే సముద్రపు గుల్లలూ లేవు. అక్కడ తిరిగేది చేపల పడవైనా షికారు పడవైనా, దాని అడుగున పట్టేవి పాచి, ఒండ్రు, గుర్రపుడెక్క వేళ్ళ మరకలు, నీటి మట్టం వద్ద గట్టిపడిన తెల్లని సున్నపు చార మాత్రమే. వీటిని వదిలించడానికి ఓపిక కావాలి గాని ఘాటైన మందులు అక్కరలేదు.

ఎందుకు అక్కరలేదో తెలియాలంటే ఈ లోహం స్వభావం కొంత తెలిసి ఉండాలి. గాలి తగిలిన మరుక్షణమే అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర ఒకటి ఏర్పడుతుంది. కొన్ని నానోమీటర్ల మందం మాత్రమే ఉండే ఆ పొర, ఇనుప తుప్పులా పెచ్చులుగా రాలిపోకుండా లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకుని, లోపలికి నీటినీ గాలినీ చేరనివ్వదు. ఎక్కడైనా గీత పడితే తనంతట తానే మళ్ళీ కట్టుకుంటుంది. పాతబడిన పడవ మీద కనిపించే మాసిన బూడిదరంగు చాలావరకు ఈ పొర ముదిరిన రూపమే కనుక దానిని జబ్బుగా చూడనవసరం లేదు. అయితే ఈ పొర సుమారు 4 నుంచి 8.5 పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాలను చెప్పే కొలత; 7 మధ్యస్థం) వరకే నిలకడగా ఉంటుంది. అంతకు మించి ఆమ్లమైనా, క్షారమైనా దానిని కరిగిస్తుంది.

ఈ కొలతతో చూస్తే ఇంట్లో చేతికందే వాటిలో ఏవి పనికిరావో వెంటనే తేలిపోతుంది. చాకలి సోడా, కాస్టిక్ సోడా, సున్నం, బ్లీచింగ్ పౌడరు క్షారాలు. కట్టెపొయ్యి బూడిద కూడా క్షారమే. బాత్రూముల్లో వాడే యాసిడ్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది రేకు మీద బుసబుస పొంగి, మరకతో పాటు లోహాన్నీ గుంటలుగా తినేస్తుంది. ఇనుప పీచు చేసే హాని మరో రకంది. దాని నుంచి విరిగిన సన్నని ఇనుప ముక్కలు మెత్తని అల్యూమినియంలో గుచ్చుకుని ఉండిపోతాయి, తడి తగిలినప్పుడల్లా తుప్పు చుక్కలుగా బయటపడతాయి. ఇనుప తీగల బ్రష్షుకూ, ఇనుప గేటు రుద్దిన ఉప్పుకాగితానికీ ఇదే వర్తిస్తుంది. పీచు వాడక తప్పదనుకుంటే నైలాన్ పీచు గాని, మన కొబ్బరి పీచు గాని చాలు.

శుభ్రం చేయడం పడవను ఒడ్డుకు లాగిన వెంటనే, అడుగు ఇంకా తడిగా ఉన్నప్పుడే మొదలు కావాలి. పచ్చిగా ఉన్న పాచి ప్లాస్టిక్ గరిటె అంచుతో మెల్లగా నెడితే చాపలా చుట్టుకుని ఊడి వస్తుంది. అదే ఒక పూట ఎండిందంటే రేకును కరుచుకుపోయి గంటల పని పెడుతుంది. గరిటె పని అయ్యాక నీటిని ధారగా కొట్టి ఒండ్రును పూర్తిగా పోగొట్టాలి, ఎందుకంటే ఇసుక రేణువులు మిగిలి ఉండగా రుద్దితే ఆ రుద్దుడే గీతలు పెడుతుంది. ఆ తరువాత గిన్నెలు కడిగే ద్రవం కలిపిన నీటితో, మెత్తని బ్రష్షుతో, రేకు పొడవు వెంట రుద్ది, పైనుంచి కిందికి కడగాలి. ఏప్రిల్, మే నెలల ఎండలో రేకు చేయి పెట్టలేనంత కాలుతుంది. సబ్బు నీరు కడిగేలోపే ఎండి మరకలు దిగుతాయి కనుక వేసవిలో ఈ పని తెల్లవారుజామునే ముగించుకోవడం మంచిది.

సున్నపు చారకు, బూడిదరంగు మచ్చలకు పలుచని ఆమ్లం కావాలి. సత్తు గిన్నెలో చింతపండు పులుసు మరిగిస్తే లోపలి నలుపు విడిపోయి గిన్నె తెల్లబడినట్టే ఇక్కడా జరుగుతుంది. లీటరు గోరువెచ్చని నీటికి సుమారు 30 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, కంటికి కనిపించని మూల ఒక చోట ముందు పరీక్షించి, ఆ తరువాత పెద్ద భాగానికి పూయాలి. నిమ్మ ఉప్పు నీరు కూడా పైన చెప్పిన హద్దుకు దిగువనే ఉంటుంది కాబట్టి దానిని ఎంత సేపు ఉంచుతున్నామనేది ముఖ్యం: అయిదు నుంచి పది నిమిషాలు, ఎండిపోనివ్వకుండా, ఆ తరువాత పుష్కలంగా నీరు. పూసేటప్పుడు కింది నుంచి పైకి పూయాలి. పైనుంచి పూస్తే కారిన ధారలు పొడి రేకు మీద చారికలు వేస్తాయి, అవి పోవడానికి మళ్ళీ మొత్తం చేయవలసి వస్తుంది. సమానంగా నీరు కలిపిన వెనిగర్ కూడా ఇదే పని చేస్తుంది. దుకాణాల్లో దొరికే అల్యూమినియం క్లీనర్లలో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్నవి మొండి మరకలకు పనికివస్తాయి గాని, కొన్నింటిలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది. అది చర్మంలోంచి లోపలికి ఇంకి ఎముకదాకా హాని చేస్తుంది, ప్రాణం మీదికి తెస్తుంది. డబ్బా మీద ఆ పేరు గాని, బైఫ్లోరైడ్ అన్న మాట గాని ఉంటే, లేదా అసలు ఏమీ రాసి లేకపోయినా, అది కొనవద్దు. ఏ ఆమ్లాన్నైనా బ్లీచింగ్‌తో కలిపితే క్లోరిన్ వాయువు వెలువడుతుందని మరువరాదు.

రేకు శుభ్రపడిన ఆ పూటే పడవను నిదానంగా పరిశీలించాలి. తెల్లని పొడి పొంగినట్టు ఉన్న చోట వేలితో తుడిచి చూస్తే కింద సూదిమొన గుంట కనిపిస్తుంది. అటువంటివి ఎక్కువగా తడిసిన గోనెపట్టా, కార్పెట్ ముక్క, నానిన చెక్క రేకుకు ఆని ఉన్న చోట్లలోనే ఉంటాయి. అక్కడ నీరు నిలిచి గాలి ఆడదు కనుక ఆక్సైడ్ పొర దెబ్బతిన్నాక మళ్ళీ కట్టుకోలేదు. పడవ లోపలి అడుగును కూడా ఊడ్చి చూడాలి. ఘాట్ దగ్గర నదిలోకి నాణెం విసిరే భక్తుల చేతి నుంచి జారినవి పలకల సందుల్లో పడి ఉంటాయి. మన అయిదు, పది రూపాయల నాణేల్లో చాలావాటిలో రాగి ఉంటుంది. నిలిచిన నీటిలో రాగి పక్కన ఉన్న అల్యూమినియం త్వరగా తినుకుపోయి, కొంత కాలానికి నాణెం కిందే గుంట పడుతుంది. తెగిన రాగి వైరు ముక్కలు, వలకు కట్టే సీసపు గుండ్లు కూడా ఏరివేయాలి.

రివెట్లు వదులయ్యాయన్న అనుమానం ఉంటే పడవను గట్టు మీద సరైన ఆసరాతో నిలిపి, లోపల నాలుగైదు అంగుళాల నీరు పోసి, బయట ఎక్కడ చెమ్మ దిగుతోందో చూడవచ్చు. లీటరు నీరు కిలో బరువు కనుక అంచుదాకా నింపితే రేకే వంగిపోతుంది. కారిన చోటును పెన్సిలుతో గుర్తు పెట్టవద్దు. పెన్సిలులోని గ్రాఫైట్ కూడా రాగి లాగే అల్యూమినియాన్ని తినేలా చేస్తుంది. సుద్దముక్క గాని, మార్కర్ గాని వాడాలి. పగులుకు ఆర్గాన్ వెల్డింగ్ విజయవాడ ఆటోనగర్‌లో చేయించుకోవచ్చు, కాని పడవల రేకు సాధారణంగా 5052, 5083, 5086 వంటి మెగ్నీషియం కలిసిన మిశ్రమం. అతుకుకు అదే తరగతి రేకు కావాలని ముందే అడగాలి; రాగి కలిసిన 2000 శ్రేణి మిశ్రమం బలంగానే ఉంటుంది గాని నీటిలో నిలవదు.

మెరుగు విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నీటి మట్టానికి దిగువన మెరుగు పెట్టడం డబ్బు, శ్రమ రెండూ దండగ. నీటిలో పడిన వారాల్లోనే అది మాసిపోతుంది, పైగా రుద్దిన ప్రతిసారీ రేకు మందం ఎంతో కొంత తగ్గుతుంది. రంగు వేసిన రేకుకు, ఆనోడైజ్ చేసిన (కరెంటుతో ఆక్సైడ్ పొరను మందంగా కట్టించిన) రేకుకు అసలు పెట్టకూడదు. మిగిలేవి నీటికి పైన ఉండే పక్కరేకులు, ముందు కొమ్ము, అంచు పట్టీలు. గీతలు లోతుగా ఉంటే 400 నంబరు వాటర్ పేపరుతో మొదలుపెట్టి 600, 800, 1000 నంబర్ల వరకు, నీరు పోస్తూ రుద్దాలి. ఒక్కో నంబరును ముందుదానికి అడ్డంగా రుద్దితే పాత గీతలు పూర్తిగా పోయాయో లేదో స్పష్టంగా కనిపిస్తుంది; పోకుండానే తరువాతి నంబరుకు వెళ్ళినవారికి ఆ గీతలు బఫింగ్ అయ్యాక ఎండలో వెక్కిరిస్తూ బయటపడతాయి. ఆపైన నూలు గుడ్డ చక్రానికి మెరుగు పెట్టే గోధుమరంగు కాంపౌండ్, చివరలో వేరే చక్రానికి తెల్ల కాంపౌండ్ పట్టించి, మిషన్‌ను తక్కువ వేగంలో, ఒకేచోట ఆపకుండా నడపాలి. రేకు చేతికి చురుక్కుమంటే ఆపి చల్లారనివ్వాలి. గుడ్డకు అంటే నల్లని జిగురు అరిగిన లోహమూ కాంపౌండూ కలిసినదే. అది ఎండకముందే మెత్తని గుడ్డతో తుడిచేయాలి. పొడి అల్యూమినియం ధూళి మండే పదార్థం కనుక, ఇనుము గ్రైండింగ్ చేస్తూ నిప్పురవ్వలు లేచే చోట ఈ పని పెట్టుకోరాదు. ముక్కుకు మాస్కు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. మెరుగు ఆరిన రోజే కార్నోబా మైనం పలుచగా పట్టిస్తే కొన్ని నెలలు నిలుస్తుంది, తరువాత మళ్ళీ పట్టించాలి.

రంగు వేయదలిస్తే క్రమం తప్పకూడదు: ముందు జిడ్డు తీయాలి, ఆ తరువాతే గరుకు చేయాలి. తారుమారైతే జిడ్డు గీతల్లోకి దిగి రంగును పట్టనివ్వదు. జిడ్డు పోయిందా లేదా తెలుసుకోవడానికి రేకు మీద శుభ్రమైన నీరు చల్లి చూడాలి. నీరు తెరలా పరుచుకుంటే పోయినట్టు, ముత్యాల్లా విడిపోతే మళ్ళీ కడగాలి. గరుకు చేసిన కొద్ది గంటల్లోనే అల్యూమినియానికి సరిపడే ఎచ్ ప్రైమర్ (రేకును కొద్దిగా కొరికి పట్టుకునే తొలిపూత) గాని ఎపాక్సీ ప్రైమర్ గాని పడాలి, లేకుంటే ఆక్సైడ్ పొర మళ్ళీ ముదురుతుంది. ఇనుప గేట్లకు వేసే రెడ్ ఆక్సైడ్‌ను అన్నింటికీ అంటగట్టే దుకాణదారులున్నారు. అది దీనికి నిలవదు. పాచి పట్టకుండా వేసే రంగుల్లో రాగి ఆక్సైడ్ ఉన్నవి అల్యూమినియం పడవకు విషమే. ఈ పనికి మనవైపు నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం, అయితే ఉదయం రేకు మీద మంచు తడి ఉంటుంది. ఎండ కాస్త ఎక్కి రేకు పూర్తిగా పొడిబారాకే బ్రష్షు ముట్టాలి.

ఇతర లోహాల నుంచి పడవను కాపాడేది ఆనోడ్, అంటే అల్యూమినియానికి బదులుగా తాను కరిగిపోయే దిమ్మె. విజయవాడ దగ్గరి మంచినీటికి మెగ్నీషియం ఆనోడ్ సరిపోతుంది. జింకు దిమ్మె మంచినీటిలో పైన పొర కట్టి పని మానేస్తుంది. అదే పడవను బ్యారేజీ దిగువకు, నాగాయలంక, హంసలదీవి వైపు ఆటుపోట్లతో ఉప్పదనం కలిసే నీటిలోకి తీసుకువెళితే మెగ్నీషియం మరీ వేగంగా కరిగిపోతుంది కనుక అక్కడ అల్యూమినియం మిశ్రమపు ఆనోడ్ బిగించాలి. తిరిగి వచ్చాక లోపలా బయటా మంచినీటితో కడగాలి. ఆనోడ్ రేకు లోహానికి నేరుగా తగలాలి, దాని మీద రంగు పడకూడదు, సగం అరిగాక మార్చాలి. స్టీలు బోల్టుల కింద నైలాన్ వాషర్లు, సీలెంట్ వేయాలి. నీరు వదిలే బిరడా ఇత్తడిదైతే తీసి ప్లాస్టిక్‌ది పెట్టాలి.

వరద కాలంలో పడవను నీటిలో వదలవద్దు. 2024 సెప్టెంబరులో బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు ఎగువ నుంచి కొట్టుకువచ్చిన పడవలు గేట్ల బరువు దిమ్మెలను ఢీకొట్టాయి. గట్టెక్కించిన పడవను బిరడా తీసి, ముందు కొమ్ము కాస్త ఎత్తుగా ఉంచితే వాన నీరు నిలవదు. ఆసరా దిమ్మెలకు రబ్బరు తొడగాలి, టార్పాలిన్ రేకుకు అతుక్కోకుండా గాలి సందు ఉంచాలి, కట్టడానికి ఇనుప గొలుసు కన్నా నైలాన్ తాడు మేలు. ఇంజనుకు, లైట్లకు బ్యాటరీ ఉన్న పడవలో వైర్లు రెండూ బ్యాటరీ దాకా విడివిడిగా వెళ్ళాలి. ఒక వైరు ఆదా చేయడానికి పడవ రేకునే ఎర్త్‌గా వాడితే కారే కరెంటు కొద్ది నెలల్లోనే అడుగును చిల్లులు పెడుతుంది. పడవను ఒడ్డున నిలిపేటప్పుడు బ్యాటరీ తీగ ఊడదీసి పక్కన పెట్టాలి.